వియ్యంకుల ఇంటి మెట్లు

వికారాబాద్ నుంచి తాండూరు పోవడం కూడా ఒక ప్రయాణమేనా అనేదాన్ని ఒకప్పుడు. పొద్దున వంట ముగించి రైలెక్కితే, తాండూరులో బిడ్డను చూసి, దాని చేతి చాయ తాగి, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చి కుట్టు మిషన్ ముందు కూర్చునేదాన్ని. చేతిలో చిన్న పర్సు తప్ప సంచి కూడా ఉండేది కాదు. ఇప్పుడు అదే తాండూరుకు పోవాలంటే మా ఇంట్లో వారం ముందు నుంచే మంతనాలు మొదలవుతాయి.

కారణం చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు, కానీ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాకు చాలా ఏళ్లుగా షుగరు. చెప్పు కరిచి లేచిన పుండును రవికల తొందరలో పట్టించుకోలేదు. అది ముదిరి ముదిరి, చివరికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. కట్టుడు కాలు ఇచ్చారు గానీ అది రాసుకుని మళ్లీ పుండ్లు లేస్తుంటే మూలకు పెట్టేశాను. ఇప్పుడు ఇంట్లో తిరగడానికి వాకర్ ఉంది, బయటికి చక్రాల కుర్చీ ఉంది. పూటపూటకు ఇన్సులిన్ సూది ఉంది. సూది పడ్డ అరగంట లోపల తినాలి. తినేది కూడా జొన్నరొట్టె, చప్పటి కూర, అంతే.

కాలు పోతే నొప్పి ఉంటుందని అందరికీ తెలుసు. సిగ్గు ఉంటుందని నాకు పోయిందాకా తెలియదు. నేనేమీ దొంగతనం చేయలేదు, అయినా దొరికిపోయినదానిలా ఇంట్లో దాక్కున్నాను. మర్పల్లిలో మా అన్న కొడుకు పెళ్లికి జ్వరమని చెప్పి మానేశాను. తాండూరు గడప తొక్కి ఏడాది దాటింది. బిడ్డే వచ్చి చూసిపోయేది. వచ్చినప్పుడల్లా దానితో ఒకటే మాట అనేదాన్ని. "నాకు గిది కావాలె, గది పడదు అని మీ అత్తగారింట్ల ఎవ్వరి తోటి అనకు. అన్నవంటె నా మీద ఒట్టే." అది తల ఊపేది.

ఈ పట్టుదల వెనక ఒక పాత కథ ఉంది. సంబంధం చూడటానికి పోయిన రోజున వాళ్లది పాత ఇల్లు. బాత్రూం పెరట్లో చివరన ఉండేది. అప్పుడు నాకు రెండు కాళ్లూ ఉన్నాయి, నోరు అంతకంటే పెద్దది ఉంది. నలుగురి ముందరే అనేశాను. "మా బిడ్డ రాత్రిపూట వాకిలి దాటి పోవాల్నా? గదికి ఆనుకోని బాత్రూం ఉంటెనే లగ్గం మాట మాట్లాడుదం." వియ్యపురాలు తల వంచుకుంది. కొత్త ఇల్లు కట్టినప్పుడు తప్పక కట్టిస్తామని వియ్యంకుడు మాటిచ్చాడు. వాళ్లకు నాపరాయి బండల పాలిషింగ్ యూనిట్ ఉంది, పొలం ఉంది, మాట మీద నిలబడే మనుషులని ఊళ్లో పేరుంది. పెళ్లి జరిగింది. నేను గెలిచాననుకున్నాను.

అలాంటి నోటితో ఇప్పుడు "వదినా, మీ బాత్రూం ఎసొంటిది, నేను కూసోగలనా" అని అడగడమా? అంతకంటే నాలుక కోసుకోవడం నయమనిపించేది.

మాఘమాసంలో బిడ్డ ఫోన్ చేసింది.

"అమ్మా, కొత్త ఇల్లు అయిపోయింది. గృహప్రవేశం పెట్టుకున్నరు. ఒడిబియ్యం నువ్వు పోస్తవా, లేకపోతె చిన్నమ్మను రమ్మనాల్నా?"

కొత్త ఇంట్లోకి పోయిన ఆడపిల్లకు తల్లిగారు ఒడిబియ్యం పోయాలి. పీట మీద కూర్చోబెట్టి, ఒడిలో కొత్త గుడ్డ పరిచి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు వేస్తారు. మా ఇండ్లలో ఒక బెల్లం ముక్క కూడా వేస్తారు. తల్లి ఉండగా ఇంకొకరు పోసినా తప్పేమీ కాదు, కానీ పిల్ల ఒడిలో పడాల్సిన చేయి పడనట్టే. బిడ్డ కోపంతో అనలేదని నాకు తెలుసు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని తనే ఒక దారి వెతికిపెట్టింది. అదే నాకు గుచ్చుకుంది.

"చిన్నమ్మ ఎందుకు, నేనేమన్న సచ్చిన్నా? నేనే వస్త," అన్నాను.

"వస్తవా అమ్మా, నిజంగ వస్తవా?" అంది. ఆ గొంతు విన్నాక ఇక వెనక్కి తగ్గే వీలు లేదు.

మా ఆయన రిటైరైన బస్సు కండక్టర్. ఏ ఊరి పేరు చెప్పినా ఆయన బుర్రలో స్టేజీలు తిరుగుతాయి, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ చాయకు ఆగాలి. నా కాలు పోయాక ఆ స్టేజీలకు ఇంకో రెండు కలిశాయి. ఎక్కడ తినాలి, ఎక్కడ ఒంటికి పోవాలి. ఆ వారమంతా ఆయనకు అదే పని. పొద్దున చాయ తాగుతూ మొదలుపెట్టేవాడు.

"రైలుల పోదాం. స్టేషన్‌ల అడిగొచ్చిన. ముందే చెప్తె నలుగురు కలిసి కుర్చీతోటి ఎక్కిస్తరట."

"నన్ను మూటోలె ఎత్తి డబ్బాల పెడ్తరా? ప్లాట్‌ఫారం మీద ఉన్నోళ్లంత చూస్తుంటె?"

"అయితె బస్సు. మనోళ్లే ఉంటరు డ్రైవర్లు, నిదానంగ ఆపుకుంట పోతరు."

"మనోళ్లు అనే వద్దంటున్న."

ఆయన తోటి కండక్టర్ల భార్యలకు రవికలు కుట్టినదాన్ని నేను. మిషన్ మీద కాలు ఆడిస్తూ వాళ్లతో పరాచికాలాడినదాన్ని. వాళ్ల మొగుళ్లు నన్ను చంకల కింద పట్టుకుని బస్సెక్కించడం ఊహించుకుంటేనే ఒళ్లు చచ్చిపోయింది. ఆఖరికి కిరాయి కారు ఖాయమైంది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

"వియ్యంకునికి ఫోన్ చేస్త. మెట్లు ఎన్నున్నయో, బాత్రూం ఎట్లుందో అడుగుదం. తెలిస్తె మనం తయారుగ పోతం కద," అన్నాడు.

"అడిగినవంటె నేను రాను."

"ఏమే, అడిగితె తప్పేముంది?"

"తప్పు లేదు, నామోషి ఉంది. నువ్వు అడుగొద్దు, నేను చూసుకుంట."

ఆయన నా మొహం చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా కోపానికి కాదు ఆయన భయపడేది, దాని వెనక వచ్చే ఏడుపుకు. చూసుకుంటానన్నాను గదా, చూసుకున్నాను. నా పథకం చాలా తేలిక. ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు ముట్టకూడదు. నీళ్లు తాగకపోతే బాత్రూం అక్కర్లేదు. బాత్రూం అక్కర్లేకపోతే ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇంకొకటి కూడా మనసులో పెట్టుకున్నాను, అది ఆయనకు చెప్పలేదు. ఒడిబియ్యం పోసే తల్లి ఒక్కపొద్దు ఉండాలి, పోసిందాకా ఏమీ తినకూడదు. మా అమ్మ నాకు పోసినప్పుడు అట్లాగే ఉంది. కాలు లేకపోతే లేకపోయింది, కడమ అన్నీ పద్ధతి ప్రకారం చేశానని నలుగురూ అనుకోవాలి. ముహూర్తం పొద్దున్నే కాబట్టి కొంచెంసేపు ఓర్చుకుంటే చాలనుకున్నాను. సూది మాటేమిటని మీరడగొచ్చు. సూది మా ఆయన చేతిలో ఉంటుంది, మానేస్తే ఆయనకు తెలిసిపోతుంది. అందుకని వేయించుకున్నాను. సూది వేయించుకుని పస్తుండటం ఎంత తెలివితక్కువ పనో డాక్టర్ దగ్గర కూర్చున్న ప్రతిసారీ విన్నదాన్నే.

పొద్దున్నే బయలుదేరాం. చక్రాల కుర్చీ మడిస్తే డిక్కీలో సగమే పట్టింది, మూత తాడుతో కట్టారు. కుర్చీకి ఎప్పుడూ వేలాడే సంచిలో రొట్టెల డబ్బా, నీళ్ల సీసా, షుగర్ పడిపోతే వేసుకునే గ్లూకోజ్ పొడి ఉన్నాయి. మా ఆయన రొట్టెల డబ్బా మాత్రం తీసి తన ఒడిలో పెట్టుకున్నాడు. గుట్టలు దాటి ధారూర్ వచ్చేసరికి ఎండ ఎక్కింది. కంది కోతలైపోయి పొలాల్లో కట్టె కుప్పలు పడి ఉన్నాయి. బండల లారీలు ఎదురవుతుంటే డ్రైవరు అద్దాలు ఎక్కించాడు.

ఒక హోటల్ దగ్గర కారు ఆపించి మా ఆయన డబ్బా మూత తీశాడు.

"తినే. టైమైంది."

"ఇప్పుడే కాదు, జర ముందుకు పోయినంక తింట. కడుపుల తిప్పుతున్నది."

"మరి తింటవు కద?"

"తింట అన్న కద. పిల్లనా నేను?"

ఆయన డబ్బా తీసుకుపోయి మళ్లీ సంచిలో పెట్టాడు. టిక్కెట్టు తీసుకోకుండా సీటు కింద దాక్కున్నవాణ్ని కూడా పట్టుకున్న మనిషి, నా మాట నమ్మాడు. తాండూరు వచ్చిందాకా నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

కొత్త ఇల్లు ఎత్తులో కట్టారు. ముందంతా మెట్లు. వియ్యంకుడు కారు దగ్గరికి ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "రా అక్కా, చూడు, అంత మన యూనిట్ బండనే. అద్దమోలె ఉండాలని దగ్గరుండి పాలిష్ పట్టిచ్చిన." నిజంగానే మెట్లలో షామియానా రంగులు కనబడుతున్నాయి. డిక్కీలోంచి కుర్చీ దిగింది. ఆయన కుర్చీని చూశాడు, మెట్లను చూశాడు, ఇక బండల గురించి మాట్లాడలేదు.

వాకర్ పట్టుకుని ఎక్కుదామని మొదటి మెట్టు మీద పెట్టి చూశాను. రబ్బరు బుడిపెలు సర్రున జారాయి. "వద్దు వద్దు" అని అందరూ ఒక్కసారే అన్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అల్లుడొక పక్క, మా ఆయనొక పక్క, డ్రైవరు, వియ్యంకుడు తలా ఒక పక్క పట్టుకుని లేపారు. ఇంటికి వచ్చిన వియ్యపురాలిని వియ్యంకుడు మోయడం ఎక్కడన్నా ఉందా? కుర్చీ వెనక్కి వాలింది. చీర జరిగి మొండి కాలు బయటపడింది. వియ్యపురాలు గబగబా మెట్లు దిగొచ్చి కుచ్చిళ్లు సర్దింది. ఆమె ఆ పని మంచి మనసుతోనే చేసింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. పైకి చేరిందాకా కళ్లు తెరవలేదు.

హాలు నిండా ఆడవాళ్లు. నేను రాగానే మాటలు తగ్గి, మళ్లీ మొదలయ్యాయి. సేడం వైపు చుట్టాలు గోడవారగా కూర్చుని కన్నడంలో ఏదో అనుకుంటున్నారు. నా గురించేనని గట్టిగా నమ్మాను. చాయ ఇంకా తేలేదని వంటవాళ్లను తిట్టుకుంటున్నారట, బిడ్డ తర్వాత చెప్పింది. అప్పుడైతే ఆ గదిలో ఎవరు దగ్గినా నా కాలును చూసే దగ్గారని అనుకునే స్థితిలో ఉన్నాను.

ఫొటోలవాడు లైట్లు పెడుతున్నాడు. నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ ఫొటోలు ఏళ్ల తరబడి ఉంటాయి. వాటిలో చక్రాలు ఎందుకు? మామూలు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని అందులోకి మారాను. చీర కుచ్చిళ్లు నేలదాకా పరుచుకుని, "ఈ కుర్చీ కార్ల పెట్టిరా" అని మా ఆయనతో అన్నాను. రొట్టె తిన్నవా అని అడిగితే తిన్నానని తల ఊపాను, ఆయన తోసుకుంటూ పోయాడు. సంచి కూడా కుర్చీతోపాటే పోయింది. ఆయన్ను కింద షామియానాలో మగవాళ్లు కూర్చోబెట్టుకున్నారు.

వ్రతం చేయించే అయ్యగారు రావడం ఆలస్యమైంది. వచ్చాక వ్రతం మొదలైంది, కథ సాగింది. వెనక పెద్ద గిన్నెల్లో పప్పు ఉడుకుతోంది. తాండూరు కందిపప్పు వాసన వేరే ఊళ్లలో రాదు. ఆ వాసనకు కడుపులో పేగులు లేచి నిలబడ్డాయి. పక్కన కూర్చున్న ముసలమ్మ పూర్ణం పెట్టిన ఓలిగ తెప్పించి నా చేతిలో పెట్టబోయింది.

"తిను బిడ్డా. ఒక్కటి తింటె షుగర్ ఏం చేస్తది?"

ఈ మాట నేను ఎంతమందితో అన్నానో. ఏ ఫంక్షన్‌లో అయినా వడ్డించే గరిటె నాదే. వద్దని చేయి అడ్డం పెడితే ఆ చేతి సందులోంచి కూడా వడ్డించేదాన్ని. ఇప్పుడు ముసలమ్మకు నవ్వుతూ వద్దని చెప్పాను. ఒక్కపొద్దు అని చెప్పాను. ఆమె మెచ్చుకుంది కూడా.

ముందు పెదాలు మొద్దుబారాయి. తర్వాత మెడ వెనక చల్లగా చెమట. అయ్యగారి గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. అది షుగర్ పడిపోవడమని నాకు తెలుసు. ఇంతకుముందు ఇంట్లో వచ్చింది, ఎట్లా ఉంటుందో తెలుసు. ఒక్క మాట చాలు. "జర చక్కెర తెండి" అంటే హాలులో సగం మంది లేస్తారు. వాళ్లు అట్లా లేవడమే నాకు ఇష్టం లేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ కూర్చున్నాను. అంత మంది మధ్య కూర్చుని చచ్చిపోవడానికైనా సిద్ధపడ్డాను గానీ, నోరు తెరిచి అడగలేకపోయాను. ఇది రాస్తుంటే కూడా తల ఎత్తలేకపోతున్నాను.

బిడ్డను తెచ్చి నా ముందు పీట మీద కూర్చోబెట్టారు. పసుపు చీర కట్టుకుంది. ఒడిలో కొత్త గుడ్డ పరిచారు. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, బెల్లం వేశారు. నా ముందు బియ్యం పళ్లెం పెట్టారు. బిడ్డ నన్ను చూసి నవ్వింది. ఏడాదికి పైగా నేను దాని ఇంట్లో దాని నవ్వు చూడలేదు. మొదటి దోసిలి ఎట్లాగో పోశాను. రెండో దోసిలి ఎత్తేసరికి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆపుదామంటే ఆగవు. బియ్యం వేళ్ల సందుల్లోంచి జారి, ఒడిలో కాకుండా నేల మీద పడ్డాయి. ఆ నున్నటి బండ మీద గోడల దాకా దొర్లిపోయాయి.

ఎవరో "అయ్యో, కింద పోస్తున్నది" అన్నారు. బిడ్డ బియ్యాన్ని చూడలేదు, నా మొహాన్ని చూసింది. వెంటనే ఒడిలో చేయి పెట్టి బెల్లం ముక్క తీసింది. ఒడిని ఒక చేత్తో పట్టుకుని మోకాళ్ల మీద లేచింది.

"అమ్మా, నోరు తెరువు."

"ఒడిల పడ్డది తియ్యొద్దు బిడ్డా, మంచిది కాదు," అని ముసలమ్మ అంది.

"మా అమ్మ కంటె మంచిదేముంది," అని అది బెల్లం నా నోట్లో పెట్టింది. పసుపు బియ్యం గింజలు అంటుకుని ఉన్నాయి. పళ్ల కింద కరకరమన్నాయి. బిడ్డ ఒడిలో పోయడానికి వచ్చినదాన్ని, బిడ్డ ఒడిలోంచి తీసుకుని తిన్నాను. చొంగ గదవ మీదికి కారింది. దాన్ని కూడా అదే తన కొంగుతో తుడిచింది. వియ్యపురాలు ఉరికిపోయి చెంబు నిండా చక్కెర నీళ్లు కలుపుకొచ్చింది. చెంబు దించకుండా తాగాను.

మా ఆయన సంచి పట్టుకుని పరుగున వచ్చాడు. గ్లూకోజ్ కోసం సంచిలో చేయి పెడితే రొట్టెల డబ్బా చేతికొచ్చింది. బరువు చూసి ఆగాడు. మూత తీయకుండానే ఆయనకు అర్థమైంది. నా వైపు చూసి, డబ్బా నా ఒడిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

చేతుల వణుకు తగ్గాక వియ్యపురాలు నా ముందు నేల మీద కూర్చుంది. పక్కనున్నవాళ్లను కొంచెం జరగమంది.

"వదినా, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. కాలు తీసినంక దవాఖానకు వచ్చి చూసిన. ఆ తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నమో. కోడలు ఎప్పుడు చూడు, మా అమ్మకు తీరిక లేదు, మా అమ్మకు తీరిక లేదు అన్నది. మా పాత ఇంటికి అప్పుడు వంక పెట్టిరి కద, అందుకే మా గడప తొక్కుతలేరనుకున్న. మీ అమ్మ కంటికి మేము ఆనం అని కోడలిని మస్తుసార్లు అన్న. ఎదురు ఒక్క మాట అనలేదు అది. కట్టుడు కాలు పెట్టుకోని నడుస్తున్నరనే అనుకున్న. ఇంత కష్టముందని ఒక్కసారి చెప్పకపోతిరి."

అప్పటిదాకా పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నా ఒట్టు ఒక్కటి, దాన్ని పట్టుకుని నా బిడ్డ ఏడాదికి పైగా అత్తగారి దగ్గర మాటలు పడింది. ఒట్టుకు కట్టుబడి అక్కడ చెప్పలేదు, నేనింకా కుంగిపోతానని నాకూ చెప్పలేదు. నేనేమో నా పరువు కాపాడుకుంటున్నానని అనుకున్నాను. దాని మొహం చూడలేక పళ్లెంలో బియ్యం వైపు చూశాను.

అంతలో తాగిన నీళ్లు తమ పని మొదలుపెట్టాయి. మామూలుగా అయితే ఇంటికి పోయిందాకా బిగబట్టుకునేదాన్ని. ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏం మిగిలిందనిపించింది.

"వదినా, నాకు బాత్రూంకు పోవాలె," అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. "కుర్చీ లెక్క ఉండేది కావాలె. కింద కూసోను రాదు నాకు."

వియ్యపురాలు నోటి మీద చేయి వేసుకుంది. "కిందిది దేశీది వదినా. కుర్చీది పైన కోడలి గదిల ఉంది. గదికి ఆనుకోని ఉండాలంటిరి కద, అట్లనే కట్టిచ్చినం."

ఆమె ఎత్తిపొడవలేదు, ఉన్నది చెప్పింది. మా ఆయన పోయి నా కుర్చీ తెచ్చాడు. మళ్లీ నలుగురూ పట్టుకున్నారు. ఈసారి అందరూ చూస్తుండగా, ఎందుకు పోతున్నానో అందరికీ తెలిసి, ఇంకో వరుస మెట్లు ఎక్కించారు. వియ్యంకుడు రొప్పుతూ అన్నాడు, "బండల ఊర్ల ఉంటిమి అక్కా. పాలిష్ పట్టని బండ మా దగ్గర కుప్పలు పడున్నది. ఇల్లు లేస్తున్నప్పుడు ఒక్క మాట అంటె, కింద ఒక బాత్రూం, మెట్ల పక్క పొంటి వాలుగ నాలుగు బండలు, ఎంత పని?" నేను తల ఊపాను. ఎంత పనీ కాదు. ఒక్క ఫోన్ పని.

కిందికి వచ్చేసరికి నేల మీద బియ్యం ఊడ్చేశారు. వియ్యపురాలు కొత్త బియ్యం తెచ్చి పసుపు కలిపి పెట్టింది. "శకునం గికునం ఏం లేదు. ముందు రొట్టె తినుండ్రి, తిన్నంకనే మొదటి నుంచి పోయుండ్రి," అంది. హాలులో అందరి ముందూ నా డబ్బా తెరిచి జొన్నరొట్టె తిన్నాను. ఎండిపోయి ఉంది. బిడ్డ అప్పటిదాకా పీట మీద నుంచి లేవలేదు, పోసిన ఆ కాసిని బియ్యాన్నీ ఒడిలోనే పట్టుకుని కూర్చుంది.

చక్రాల కుర్చీలోనే కూర్చుని పోయడం మొదలుపెట్టాను. ఫొటోలవాడు ఎక్కడి నుంచి తీసుకుంటే అక్కడి నుంచి తీసుకున్నాడు. బాగా ముందుకు వంగితే గానీ చేతులు ఒడికి అందడం లేదు. అట్లా వంగినప్పుడు నా చెవి దాని నోటి దగ్గరికి వచ్చింది. అది నాకు మాత్రమే వినబడేట్టు మాట్లాడింది, గొంతులో కోపం లేదు.

"ఇల్లు కడుతున్నప్పుడు మేస్త్రి దగ్గరికి ఎన్నిసార్లు పోయిన్నో అమ్మా. మా అమ్మ వస్తది, మెట్ల పక్కన జర వాలు పెట్టన్నా అందామని పోయేదాన్ని. దగ్గరికి పోయినంక నీ ఒట్టు గుర్తొచ్చేది. పిల్లర్లకు నీళ్లు మంచిగ పడుతున్నరా అని అడిగి వచ్చేసేదాన్ని."

నా దోసిట్లో బియ్యం ఉన్నాయి. కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. అట్లాగే పోశాను.